మంజిలో మంచినీళ్ళు

నన్ను ఎదురుగా చూసేవాళ్ళకు ముందు నా పొట్ట కనిపిస్తుంది, ఆ తర్వాత తీరిక ఉంటే నేను. మంగళూరు పాతరేవులో ఓడ ఎక్కటానికి పలక మీద కాలు పెట్టగానే అది విల్లులా వంగింది. పైన నిలబడ్డ సరంగు, అంటే ఆ ఓడను నడిపే పెద్ద, నన్ను పాదాల నుంచి తల దాకా చూసి అడిగాడు: "ఇది మనుష్యుడా, సరుకా? సరుకు అయినచో కిందికి దింపుడు. మనుష్యుడు అయినచో పైన కూర్చుండబెట్టుడు."

టమాటా క్రేట్లు మోస్తున్న హమాలీలందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే నిజంగానే కిందికి దించుతారని భయం.

ఆయన మాట్లాడింది కన్నడమే. కానీ ఆ తీరంవాళ్ళ కన్నడం బడి పుస్తకంలో ఉన్నట్టే ఉంటుంది. తిట్టినా పాఠం చదివినట్టే. బడి ఎగ్గొట్టి పారిపోయిన నాలాంటివాడికి సముద్రం ఒడ్డున మళ్ళీ మేష్టరు దొరికినట్టయింది.

నేను చదివింది ఎనిమిదో తరగతి, అది కూడా సగం. పటంలో అరేబియా సముద్రాన్ని గుర్తించమంటే బాగేపల్లి పక్కన నీలం పెన్సిలుతో బాగా రుద్దాను. "అక్కడ తాగటానికే నీళ్ళు లేవు కదరా, సముద్రం ఎట్లా వచ్చింది?" అన్నాడు మేష్టరు. "అందుకే పెట్టాను సార్" అన్నాను. ఆ రోజు పడిన దెబ్బలతో నా చదువు సంపూర్ణమైంది.

కన్నడ సీమలో ఉన్న మా తెలుగు ఊరు చింతామణిలో మా అన్నా నేనూ టమాటా మండీ నడుపుతాం. నడిపేది అన్న. వేలంలో గొంతు పెట్టటం, రేటు తగ్గిన రోజు రైతుల్ని నవ్వించి ఇంటికి పంపటం నా పని. మా సరుకు కొంత మంగళూరు పోయి, అక్కడి నుంచి ఓడలో లక్షద్వీపాలకు పోతుంది. రేవు దాకా గట్టిగా ఉన్న కాయ ద్వీపంలో దిగేసరికి మెత్తబడి నీరు కారుతోందని అక్కడి వ్యాపారి ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. ఓడలో ఏం జరుగుతోందో ఎవరైనా ఒకసారి వెంట పోయి చూడాలి. అయితే సరుకు ఓడలో ప్రయాణికులకు చోటు లేదు. ఎక్కాలంటే పనివాళ్ళ పట్టీలో పేరుండాలి. వంటవాడికి సాయంగా ఒక మనిషి కావాలన్నారు. అన్నకు మోకాళ్ళ నొప్పి. "నేను పోతా" అన్నాను. పది మంది టీ తాగుతున్నచోట అన్నాను గనక ఆ మాటను మళ్ళీ మింగటానికి వీల్లేకపోయింది. కాగితాలన్నీ ఓడ యజమానే చేయించాడు.

ఇంట్లో చెప్పినప్పుడు నా భార్య నీళ్ళు పడుతోంది. మా వీధికి కొళాయి నీళ్ళు ఎనిమిది రోజులకొకసారి వస్తాయి. వచ్చిన రెండు గంటల్లో డ్రమ్ములు, బిందెలు, కుక్కరు, చివరికి చెంబులు కూడా నింపాలి. ఆమెది బాగేపల్లి పక్క పల్లె. వెయ్యి అడుగులు తవ్వినా బోరు దుమ్ము కక్కే చోటు. బియ్యం కడిగిన నీళ్ళు గిన్నెలకు, గిన్నెలు కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు. నాదేమో పట్టణంలో అంగడి పెట్టుకుని బతికిన ఇల్లు. కోడిగుడ్డును కూడా గడప దాటనివ్వం. మడి, అంటు, ఎంగిలి అన్నీ నాకు ముక్కు మీదే ఉంటాయి. డ్రమ్ములో బల్లి పడితే మొత్తం పారబోసి, బూడిదతో తోమి, మూడుసార్లు కడిగించేది నేను. తిరిగి మోసి నింపేది ఆమె. ఈ ఏర్పాటు పద్దెనిమిదేళ్ళుగా సాఫీగా సాగుతోందని నా అభిప్రాయం. ఆమె అభిప్రాయం నేనెప్పుడూ అడగలేదు.

"ఆడ అందురూ చేపలు తినేటోళ్ళే కదప్పా. నువ్వేం తింటావు?" అంది.

"అటుకులు, శెనక్కాయల పొడి, నువ్విచ్చే నిమ్మకాయ ఊరగాయ."

"తాగేదానికి?"

అది నేను ఆలోచించలేదు. ఆలోచించలేదని ఒప్పుకోవటం నాకు అలవాటు లేదు. ఆమె చేతిలోని చెంబు లాక్కుని నాటకంలో రాజులాగా ఎత్తి పట్టాను. "చూడు, చేప ముట్టిన చేత్తో ఇచ్చిన నీళ్ళు నేను తాగితే, మళ్ళీ నీ చేతి నీళ్ళు తాగను. ఇదే ఒట్టు!"

"ఒట్లు యాల పెడతాండావప్పా? నీ నోరు నిలిచేది కాదు."

"నిలబెడతా, చూడు."

"సరే, చూస్తా" అంటూ చెంబు తిరిగి లాక్కుంది. ఆమె చూస్తానంటే చూస్తుంది. అదే ఆమెతో వచ్చిన చిక్కు.

లారీ వెంట చిక్కబళ్ళాపురం దాటి, బెంగళూరు దాటి, ఘాట్ రోడ్డు దిగి రేవు చేరాను. ఆ ఓడను అక్కడ మంజి అంటారు. మొత్తం చెక్క. నడుమ ఒక పెద్ద కొయ్య, దానికి తెరచాప. ఇంజినూ ఉంది, కానీ అది రేవు దాటించటానికి, గాలి తగ్గినప్పుడు కాస్త సాయానికి. మిగతా దారంతా గాలి తోస్తేనే కదలిక. నాతో కలిపి ఎనిమిది మందిమి. గాలి బాగుంటే రెండు రోజుల దారి అన్నారు. నేను రెండు పెద్ద సీసాల నీళ్ళు, అటుకుల డబ్బా పట్టుకుని, ఒట్టును జేబులో పెట్టుకుని ఎక్కాను.

ముందు వాసన సంగతి చెప్పాలి. మండీలో ఇరవై ఏళ్ళు కుళ్ళిన టమాటా మధ్యన బతికినవాణ్ణి. నా ముక్కు దేనికీ లొంగదని గర్వం ఉండేది. ఆ గర్వం మొదటి గంటలోనే పోయింది. చెక్క ఓడ అడుగున ఎప్పుడూ కాస్త నీరు ఊరుతుంటుంది. ఆ నీట్లో డీజిలు, పాత ఉల్లిగడ్డ, తడి గోనె, ఒక చచ్చిన ఎలుక, ఇంకా నాకు పేరు తెలియని సరంజామా అంతా నాని కషాయమై ఉంటుంది. పూటపూటకూ దాన్ని చేతిపంపుతో బయటికి తోడాలి. నల్లగా, తీగలు సాగుతూ వస్తుంది. కొత్తవాడికి మర్యాద అని ఆ పంపు నా చేతికిచ్చారు.

తర్వాత చెక్కలు. ఎక్కడ చేయి పెట్టినా జిడ్డు. కూర్చుంటే లుంగీ అంటుకుంటుంది, లేస్తే చప్పుడు చేసి ఊడుతుంది. ఏం నూనె పూశారని సరంగును అడిగాను.

"చేప నూనె, మారాయ్రే. చెక్క పగలకుండుటకు ప్రతి సంవత్సరమూ పూయవలెను." ఆ తీరంలో ఎదుటి మనిషిని మారాయ్రే అని పిలుస్తారు, మనం అప్పా అన్నట్టు.

అంటే నేను చేప మీద కూర్చున్నాను, చేపకు ఆనుకున్నాను, నా అటుకుల డబ్బాను చేప మీదే పెట్టాను. చేప ముట్టిన చేతి నీళ్ళు తాగనన్నాను గానీ చేపలో కాపురం చేయనని ఒట్టు పెట్టలేదు కదా అని వకీలు మాట ఒకటి వెతికి నాకు నేనే చెప్పుకున్నాను.

ఇక మరుగుదొడ్డి. ఓడ వెనక, సముద్రం మీదికి వేలాడేసిన చెక్కపెట్టె అది. అడుగున రెండు పలకలు, మధ్యలో కంత. కంతలోంచి మనం సముద్రాన్ని చూస్తాం. అల లేచినప్పుడు సముద్రం కూడా మనల్ని పైదాకా వచ్చి చూసిపోతుంది. ఆ పెట్టె నాకు బిగుతు చొక్కాలా పట్టింది. బయటికి రావటానికి ఇద్దరు చేయి వేసి లాగాల్సి వచ్చింది. లాగినవాళ్ళు ఆ చేతులతోనే పోయి అన్నం కలుపుకున్నారు.

మొదటి రోజంతా నేను వాంతులు చేసుకున్నాను. అటుకులు పోయాయి, శెనక్కాయల పొడి పోయింది, పొద్దున రేవులో తిన్న ఇడ్లీ పాత చుట్టంలా తిరిగొచ్చి పలకరించింది. నోరు కడిగి కడిగి నా సీసాలు రెండూ సాయంత్రానికే ఖాళీ అయ్యాయి. పుక్కిలించటానికి సముద్రపు నీరు వాడమని ఎవరో చెప్పారు. ఆ ఉప్పు నోట్లో పడితే మళ్ళీ వాంతి.

తాగే నీళ్ళు తెరచాప కొయ్య మొదట్లో, రెండు నీలం ప్లాస్టిక్ డ్రమ్ముల్లో ఉండేవి. కొబ్బరి తాడుతో కొయ్యకు బిగించి కట్టి, పైన మూతలు పెట్టారు. మా ఇంటి వెనక ఉన్న డ్రమ్ముల్లాంటివే. రేవులో కొళాయి కింద నింపుతుండగా నా కళ్ళతో చూశాను గనక ఆ నీళ్ళ మీద నాకు అనుమానం లేదు. మూతకు కట్టిన మగ్గుతో నేనే ముంచుకు తాగితే ఒట్టుకు భంగం లేదు. రాత్రి రెండు మగ్గులు తాగి, ఇక గండం గడిచిందనుకుని పడుకున్నాను.

రెండో రోజు పొద్దున గాలి మారింది. ఆరుగురు ముందువైపు తెరచాప తాళ్ళు లాగుతున్నారు. వంటాయన వెనకవైపు చేపల పొలుసు గీకుతున్నాడు. అరవై దాటిన మనిషి, తీరంలో ఏదో మలయాళం పల్లె ఆయనది, కన్నడం నాలుగు ముక్కలకు మించి రాదు. నన్ను ఉల్లిగడ్డలు తరగమని సైగ చేసి కూర్చోబెట్టాడు. తరుగుతూ చూస్తూ ఉన్నాను. ఆయన ఉన్నట్టుండి లేచాడు. రక్తం, పొలుసులు అంటిన చేతులు కడుక్కోలేదు, తుడుచుకోనూ లేదు. నేరుగా పోయి డ్రమ్ము మూత తీసి, మగ్గు ముంచి, మణికట్టు దాకా నీళ్ళలో పెట్టి, గటగటా తాగి, మిగిలినది తిరిగి డ్రమ్ములోనే పోసి వెళ్ళిపోయాడు.

నేను పోయి తొంగిచూశాను. నీటి మీద ఒక పొలుసు తేలుతోంది. చిన్నది, గుండ్రనిది, అద్దం ముక్కలా తళతళమంటూ. దాని చుట్టూ జిడ్డు రంగులు రంగులుగా విచ్చుకుంటోంది. రాత్రి నేను రెండు మగ్గులు తాగింది ఈ డ్రమ్ములోంచే.

ఆ తర్వాత చేసిన పనిని నేను ఆలోచించి చేయలేదు. ఇంట్లో పద్దెనిమిదేళ్ళు చేసిన పని అది, చేతులకు అలవాటు. తాడు ముడి విప్పాను. డ్రమ్మును కౌగిలించుకుని వంచాను. యాభై కిలోల మూటలు ఎత్తిన ఒళ్ళు గనక వంగింది. మంచినీళ్ళు డెక్కు మీదుగా పారి, అంచునున్న కంతల్లోంచి సముద్రంలో పడిపోయాయి. నిమిషం పట్టలేదు. పొయ్యి దగ్గరి బూడిద తెచ్చి, కొబ్బరి పీచుతో లోపలంతా తోమాను. రెండో డ్రమ్ములోంచి నీళ్ళు ముంచి ఒకసారి కడిగాను. రెండుసార్లు కడిగాను. మూడుసార్లు కడగందే అంటు పోదు. మూడోసారి ముంచుతుండగా ఓడ ఒక పక్కకు ఒరిగింది.

రెండు డ్రమ్ములకూ కట్టింది ఒకటే తాడు. దాన్ని విప్పింది నేనే. మూత తీసి ఉన్న రెండో డ్రమ్ము జిడ్డు చెక్కల మీద జారి, పడి, దొర్లింది. నేను దాని వెనక దొర్లాను. పట్టుకునేసరికి అందులో నా దోసిలికి సరిపడా కూడా లేదు.

కొయ్య పక్కన మాత్రం నేను తోమిన మొదటి డ్రమ్ము తళతళలాడుతూ ఖాళీగా ఉంది. అంత శుభ్రమైన డ్రమ్ము ఆ ఓడ పుట్టిన నాటి నుంచి చూసి ఉండదు.

చప్పుడుకు అందరూ వచ్చారు. ఎవరైనా కొడతారని కళ్ళు మూసుకున్నాను. ఎవరూ కొట్టలేదు. తడి చెక్కలను, డ్రమ్ములను, నన్ను చూస్తూ నిలబడ్డారు. ఒకడు వంగి, చెక్కల సందులో నిలిచిన నీటిని వేలితో తాకి నాలుక మీద పెట్టుకున్నాడు. ఆ చెక్కకు పూసిన నూనె నాకు గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. నీళ్ళు పారబోసిన నిమిషంలో కూడా నాకు అసహ్యమే ముందు వచ్చింది, సిగ్గు తర్వాత వచ్చింది. ఇది ఇప్పుడు రాస్తున్నా నచ్చటం లేదు.

"మారాయ్రే, తమరు ఏమి చేసితిరి?" అన్నాడు సరంగు.

"నీళ్ళలో పొలుసు పడిందప్పా. చేప పొలుసు" అన్నాను.

"చేప నీటిలో కాక మరెక్కడ ఉండును?"

ఎవరూ నవ్వలేదు. నా జన్మలో అంత మంచి జోకుకు ఎవరూ నవ్వకపోవటం అదే మొదటిసారి.

మిగిలింది చూశారు. వంటాయన దగ్గర ఒక పెద్ద అల్యూమినియం బిందె నీళ్ళు, సరంగు పడక పక్కన ఒక క్యాను. మనిషికి రోజుకు రెండు గ్లాసులు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అని సరంగు తేల్చాడు. అన్నం వండటం బందు. ఆ మధ్యాహ్నమే గాలి పడిపోయింది. తెరచాప ఆరేసిన దుప్పటిలా వేలాడింది. ఇంజిను పెడితే గంట నడిచి వేడెక్కి ఆగింది. దాన్ని చల్లార్చి, ఒక గంట నడిపి, మళ్ళీ చల్లార్చి, అలా సాగాలి. సరంగు వైర్‌లెస్సులో పిలిస్తే పలికిన ఓడ మూడు రోజుల దూరంలో ఉంది. ద్వీపం చేరటానికీ అంతే పడుతుందన్నాడు.

అప్పుడు మా టమాటాలు తెరిచారు. ఎందుకు చెడిపోతున్నాయో మూత తీయగానే తెలిసింది. కింది వరస క్రేట్లను ఇంజిను గది గోడకు ఆనించి పేర్చారు, ఆ వేడికి సగం ఉడికిపోయాయి. నేను వచ్చిన పని అంతటితో అయిపోయింది. ఇక తినటమే మిగిలింది. ఎనిమిది మందిమీ పొద్దున టమాటా, మధ్యాహ్నం టమాటా. అటుకుల మీద టమాటా పిండుకుని తిన్నాం. మండీలో పనిచేసేవాడు టమాటాను ఇష్టంగా తినడు, వాటి పుట్టుపూర్వోత్తరాలు తెలుసు గనక. ఉప్పుగాలికి పగిలిన పెదాల మీద ఆ పులుపు పడితే కారం పూసినట్టుండేది. రెండో పూటకు అందరి కడుపులూ కదిలాయి. ఆ వెనక పెట్టె ముందు వరస కట్టాం.

నీళ్ళు పోయిన ఆ సాయంత్రమే వంటాయన గ్లాసులు పంచాడు. ఆ అల్యూమినియం బిందె నాకు తెలుసు. దాని మూతగా చేపల పులుసు పళ్ళెం పెడతాడు. గ్లాసు పట్టుకున్న వేళ్ళ గోళ్ళలో పొద్దుటి పొలుసు అలాగే ఉంది. నేను తల అడ్డంగా ఊపాను. టమాటాల్లో నీరే కదా ఉండేది, అవే తిని ఒట్టు నిలబెట్టుకుంటాననుకున్నాను.

"తాగవలెను" అన్నాడు సరంగు.

"ఇంట్లో ఒట్టు పెట్టి వచ్చినానప్పా."

"ఏడుగురి నీళ్ళు పారబోయుటకు ఒట్టు అడ్డము రాలేదు. ఒకరి గ్లాసు తాగుటకు అడ్డము వచ్చినదా?" అని సరంగు తెరచాప వైపు వెళ్ళిపోయాడు.

మూడో రోజు కూడా తాగలేదు. అదేదో గొప్ప నిష్ఠ అనుకుంటారేమో. కాదు, మొండితనం. అంత పని చేశాక ఒట్టు కూడా పోతే, పారబోసిన నీళ్ళకు అర్థమే లేకుండా పోతుందని లోపల ఒక లెక్క. తెల్లవారుజామున టార్పాలిన్ మీద పడిన మంచును ఇద్దరు తువ్వాలుతో అద్ది, పిండుకుని, ఆ బూడిదరంగు చుక్కలు వంతులవారీగా నోట్లో వేసుకోవటం చూశాను. ఆ తువ్వాలుతో నిన్న ఏం తుడిచారో కూడా చూశాను. చూసి, కక్కటానికి లోపల ఏమీ లేక ఊరికే డోకాను.

నాలుగో రోజుకు నాలుక తోలుముక్కలా అయింది. నోట్లోంచి వచ్చే వాసన ఓడ అడుగు కషాయాన్ని మించిపోయింది. టమాటా చూస్తే కడుపు ముడుచుకుంటోంది. లేచి నిలబడితే సముద్రం, ఆకాశం చోట్లు మార్చుకుంటున్నాయి. పంపు దగ్గర పడిపోయాను.

ఎవరో నా తల ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నారు. వాసనను బట్టి వంటాయన అని తెలిసింది. ఆయన లుంగీ చేప, ఆయన చేతులు చేప, ఆయన గడ్డం చేప. చేతిలో ఒక ప్లాస్టిక్ సీసా ఉంది. నేను ఖాళీ చేసి పారేసిన సీసాయే. దాని నిండా నీళ్ళు.

"నీది" అన్నాడు. వేళ్ళు మడిచి చూపించాడు. "మొన్న ఒకటి. నిన్న రెండు. పొద్దున ఒకటి. నీది."

నేను వద్దన్న గ్లాసులన్నీ అందులో పోసి పెట్టాడు. రెండు రోజులుగా అది పొయ్యి పక్కన అందరి కళ్ళ ముందే ఉంది. తువ్వాలు పిండుకు తాగిన మనుషుల కళ్ళ ముందు. ఎవరూ మూత కూడా తిప్పలేదు.

తాగాను. చేప వాసన వచ్చింది. రాలేదని చెప్పుకోవటానికి చాలా ప్రయత్నించాను, కానీ వచ్చింది. వచ్చినా ఆగలేదు. సగం తాగి చాలించమని ఆయన చేయి అడ్డం పెడితే, ఆ చేతిని పక్కకు నెట్టి తాగాను. నెట్టినప్పుడు నా బుగ్గకు ఒక పొలుసు అంటుకుంది. ఖాళీ అయ్యాక సీసా తలకిందులు చేసి మూతి చుట్టూ నాకాను. అంతసేపూ ఆయన నా తల పట్టుకుని, పసిబిడ్డకు పట్టినట్టు ఏదో గొణుగుతూనే ఉన్నాడు. ఆ నాలుగు రోజుల్లో ఓడ మీద నేను చూసిన వాటిలో అన్నిటికన్నా రోత పుట్టించింది ఆ సీసా నాకుతున్న నా నాలుక.

ఐదో రోజు పొద్దున ద్వీపం చేరాం. దిగగానే ఏడుగురూ నీళ్ళ కోసం పరుగెత్తారు. నేను మా టమాటాల వ్యాపారి ముందు నిలబడి, సరుకు ఎందుకు చెడుతోందో, ఎందుకు తగ్గిందో వివరించాను. మొదటిది నమ్మాడు. రెండోది నమ్మటానికి సరంగును పిలిపించాడు. తిరుగు ప్రయాణంలో డ్రమ్ములకు తాళం వేశారు. తాళంచెవి వంటాయన మొలతాడుకు. నాకు దాహమైనప్పుడల్లా ఆయన వచ్చి తెరిచి, తన చేత్తోనే ముంచి ఇచ్చేవాడు. చేతులు కడుక్కోవటం మాత్రం చివరిదాకా నేర్చుకోలేదు. నేనూ అడగటం మానేశాను. రేవులో దిగేటప్పుడు పలక మళ్ళీ వంగింది. "సరుకు తగ్గినది" అన్నాడు సరంగు, నా పొట్ట చూసి.

చింతామణి బస్టాండులో దిగి ఇంటికి నడుస్తుంటే దారిలో ముగ్గురు ముక్కు మూసుకున్నారు. తలుపు కొట్టాను. నా భార్య తలుపు తీసి, ఒకసారి గాలి పీల్చి, లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఇవ్వలేదు. గడప అవతల పట్టుకుని నిలబడింది.

"యేమప్పా, ఒట్టు యేమాయె?"

నవ్వించి దాటేద్దామని మొదలుపెట్టాను. పలక వంగటం చెప్పాను, పెట్టెలో ఇరుక్కోవటం చెప్పాను, వంటాయన చేతులు, గోళ్ళు, లుంగీ, ఆ రోతంతా అభినయించి చూపించాను. ఆమె పెదాలు కదల్లేదు. డ్రమ్ముల దగ్గరికి వచ్చేసరికి నా గొంతు తగ్గింది.

"నిండు డ్రమ్ములా?" అంది.

"రవ్వంత వెలితి."

"రెండూ?"

"రెండూ."

"ఇరవై బిందెలు" అంది లోపలి లెక్కతో. "ఇరవై బిందెల నీళ్ళు ఉప్పులో కలిపినావు. ఆమీద?"

మిగతాదీ చెప్పాను. సీసా సంగతి చెప్పాను. నాకిన సంగతి కూడా చెప్పాను, ఎందుకు చెప్పానో తెలియదు. చివర ఇలా అన్నాను: "ఏం చేసేదే, చేపలు తినేటోళ్ళ చేతి నీళ్ళు తాగినాను. ఒట్టు పోయె. ఇంగ నీ చేతి నీళ్ళు తాగేదానికి లేదు."

ఆమె చెంబు నా చేతిలో పెట్టింది.

"వాళ్ళు తినేది చేపల్నప్పా. నువ్వు ఏడుమంది మనుషుల్ని తినబోతివి. మనింట్లో మాంసం తినేటోడివి నువ్వొకడివే ఉండావు. తాగు. తాగినంక ఆ చెంబు బయటే బోర్లించు."